బడికి పోయే టోపీ

మందులకు నా జుట్టు ఊడిపోయి రెండు నెలలైంది. ఎండలో తిరగొద్దని, తప్పనిసరై తిరిగితే నెత్తి మీద ఏదైనా వేసుకొమ్మని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. కొంగు కప్పుకుంటాను లెమ్మన్నాను. కొంగు జారుతుంది, చెమటకు అంటుకుంటుంది, టోపీయే నయమని నా కోడలు పట్టుబట్టి నిన్న పొద్దున ఖమ్మం బజారుకు తీసుకుపోయింది.

సన్నగా, పొడుగ్గా ఉన్న దుకాణం. గోడల నిండా టోపీలే. నా కోడలు బ్యాంకులో పనిచేస్తుంది. ఏ పనైనా ముందు ఫోనులో చదువుకుని గానీ మొదలుపెట్టదు. గుండ్రటి మొహానికి వెడల్పాటి అంచు ఉండాలట, కోల మొహానికి అంచు కిందికి వంగి ఉండాలట. నాది గుండ్రమో కోలో తేల్చుకోవడానికి రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఈ ఏడాదిలో నా మొహం ఏ ఆకారంలో మిగిలిందో నాకే తెలియదు. నేను దుకాణంవాడు వేసిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఆమె ఏది పెడితే దానికి తల వంచుతూ పోయాను.

"టోపీ ఏదైనా గానీ అత్తమ్మా, కాన్ఫిడెంటుగ పెట్టుకోవాలె. గప్పుడే మంచిగుంటది," అన్నది.

మంచి పిల్ల. ఆమె మీద నాకేం కోపం లేదు. అద్దంలో చూసుకునే ఓపిక లేక, ఏదో ఒకటి తీసుకో, ఇంటికి పోదామన్నాను. టోపీ ఎంచుకోవడం నాకిది రెండోసారి. పన్నెండేళ్ళప్పుడు ఒక వారం పాటు నాకు అదే పని. ఆ సంగతి నా భర్తకు చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం టోపీ కాదు.

మా ఊరు ఇల్లందు దాటి అడవిలోకి పోయే దారిలో ఉండేది. నలభై గడపలు. ఊరు ఇప్పుడూ ఉంది, మూడు దిక్కులా ఉన్న అడవి మాత్రం జామాయిల్ తోటలూ పత్తిచేలూ అయిపోయింది. జామాయిల్ తోటలో నడిస్తే దవాఖానా వాసన వస్తుంది. మా చిన్నతనంలో ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా ఇప్పపూల వాసనే. తీపిగా ఉండి, చివర్లో కొంచెం పులిసిన వాసన. పొద్దున్నే ఏరుకొచ్చిన పూలను చాపల మీద ఎండబోసేవాళ్ళు. నేనూ తమ్ముడూ కాపలా కూర్చునేవాళ్ళం. మేకల నుంచి కాపాడింది ఎంతో గానీ, మేం తిన్నదే ఎక్కువ. ఎండిన పూలను వేయించి, నువ్వులు కలిపి మా నాయనమ్మ రోట్లో దంచి ముద్దలు చేసేది. చేతికి జిడ్డు, నోటికి తీపి, కడుపుకు బరువు. ఒకటి తింటే మధ్యాహ్నం జొన్నగటక వద్దనేవాళ్ళం. వద్దంటే నాయనమ్మ ఊరుకునేది కాదు, చింతకాయ తొక్కు నాలుకకు రాసి మరీ తినిపించేది.

నాయన మాత్రం ఇప్పపూలు ముట్టేవాడు కాదు. పెళ్ళికి ముందు ఒక ఏడు, తెల్లారగట్ల చెట్టు కింద పూలు ఏరుతుంటే ఎలుగుబంటి మీద పడింది. ఆ పూలకు మనుషులకంటే ముందే ఎలుగులు వస్తాయి. వంగి ఏరుకుంటున్న మనిషి చీకట్లో దానికెలా కనబడ్డాడో ఏమో, నెత్తి మీద కొట్టింది. బతికాడు. అప్పటి నుంచి ఆయన తల మీద రుమాలు దిగలేదు. మా వైపు తలపాగాను రుమాలు అంటాం. పొద్దున మేం లేచేసరికి చుట్టుకుని ఉండేవాడు, స్నానం తడిక చాటున ఒక్కడే చేసేవాడు, తడిక దాటి వచ్చేసరికి మళ్ళీ రుమాలు ఉండేది. లోపల నెత్తి ఎలా ఉంటుందో నేను గానీ తమ్ముడు గానీ ఒక్కనాడూ చూడలేదు. అమ్మను అడిగితే, చూసేదేముందని కసిరేది. నాయన మాట తక్కువ, కోపం ఎక్కువ. మేము ఆయన ఎదుట పెద్దగా నవ్వేవాళ్ళం కూడా కాదు.

నా పన్నెండో ఏట, తునికిపండ్ల కోసం తమ్ముడిని వాగు దాకా తీసుకుపోయాను. వాడికి ఆరేళ్ళు. ఊరు దాటొద్దని అమ్మ చెప్పే ఉంది. పండ్లు తిన్నాక వాడికి దప్పికైంది. వాగు ఎండిపోయి, మడుగులో ఇన్ని పచ్చటి నీళ్ళు మిగిలి ఉన్నాయి. పశువులు తాగే నీళ్ళు. ఇంటికి పోయేదాకా ఆగరా అంటే ఏడ్చాడు. వాడు ఏడిస్తే ఇంట్లో చెబుతాడని నేనే దోసిలితో తాగించాను. నాలుగు రోజులకు వాడికి జ్వరం పట్టుకుంది. ఇల్లందు దవాఖానాలో సూదులు వేసినా తగ్గలేదు. కళ్ళు లోపలికి పోయి, మాట పడిపోయి, వెదురు పుల్లలా అయ్యాడు. నీళ్ళ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పశువుల కొట్టంలోకి పోయి భద్రాచలం ఎటు ఉందో అటు తిరిగి, తమ్ముడు లేస్తే నా జుట్టు మొత్తం ఇస్తానని రాములవారికి మొక్కుకున్నాను. నా జుట్టు అప్పటికి నడుము దాటింది. ఇవ్వడానికి నా దగ్గర అంతకన్నా పెద్దది లేదు.

తమ్ముడు లేచాడు. మొదటి రోజు గంజి తాగి, రెండో రోజు ఇప్పముద్ద అడిగాడు. ఇంట్లో అందరూ ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను, కానీ నా ఏడుపు వేరు.

ఒంట్లో బలం వచ్చాక వాడి తలనీలాలు ఇవ్వడానికి అందరం బస్సెక్కి భద్రాచలం పోయాం. గోదావరి సన్నబడి, ఇసుకలో కాళ్ళు కాలుతున్నాయి. తమ్ముడి గుండు అయింది. అమ్మ మూడు కత్తెర్లు ఇచ్చింది. మా వైపు ఆడవాళ్ళు అంతే, జుట్టు కొసన మూడుసార్లు కత్తిరించి ఇస్తే మొక్కు చెల్లినట్టే. మంగలాయన నన్ను కూడా కూర్చోబెట్టి కత్తెర తీశాడు. నేను మొత్తం తీయమన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. పిచ్చి పట్టిందా, బడికి పోయే పిల్లవు అన్నది. నాయనమ్మ మాత్రం నా ఎదురుగా ఇసుకలో కూలబడి, నెమ్మదిగా అడిగింది.

"నోటితోని మొక్కినవా బిడ్డా, మనసుల అనుకున్నవా?"

ఆమెకు దాని లెక్క ఒకటుంది. మనసులో అనుకున్న మొక్కును దేవుడితో బతిమాలి తగ్గించుకోవచ్చు. నోటి నుంచి బయటికి వచ్చినదాన్ని అన్నది అన్నట్టు తీర్చాల్సిందే. మనసులోనే అని ఒక్క అబద్ధం ఆడితే మూడు కత్తెర్లతో పోయేది. ఆమె అందుకే అడిగిందని ఇప్పుడు తెలుస్తోంది. నాకప్పుడు వాగు నీళ్ళే కళ్ళముందున్నాయి. ఒక అబద్ధం కడుపులో పెట్టుకుని ఉన్నాను, రెండోది ఆడితే తమ్ముడికి ఏమవుతుందో అనుకున్నాను. నోటితోనే మొక్కానని చెప్పాను. నాయనమ్మ మంగలాయనకు కానివ్వమని చెప్పి మొహం తిప్పుకుంది.

గుండు మీద గంధం పూశాక గోదావరి గాలి తగిలితే ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆ కాసేపు నా అంత గొప్పది లోకంలో లేదనుకున్నాను. సంచుల దగ్గర కాపలా ఉన్న నాయన నన్ను ఒకసారి చూసి సంచి మూతి బిగించాడు. గుడిలోకి రమ్మని నాయనమ్మ పిలిస్తే సామాను చూస్తానన్నాడు. లోపలికి పోతే రుమాలు తీయాలి. రోడ్డు మీద నిలబడి గోపురానికి దండం పెట్టుకున్నాడు. దేవుని ముందట గూడ తియ్యడు వీడు అని నాయనమ్మ మెట్లెక్కుతూ గొణిగింది. నాకు మాత్రం నా గుండు చూసి కోపమొచ్చి లోపలికి రాలేదనిపించింది. తిరుగు బస్సులో కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. గొప్పతనం అంతా అక్కడే దిగిపోయింది.

తొలకరి పడింది. బడులు తెరిచారు. మా ఊళ్ళో ఏడు వరకే ఉండేది, ఎనిమిదికి పదిమైళ్ళ అవతల హైస్కూలుకు బస్సులో పోవాలి. ఆడపిల్లను బస్సెక్కించి పంపేదేంది, ఏడు చాలదా అని మా పెదనాయన అంతకుముందే తగువు పెట్టుకుని ఉన్నాడు. ఎందుకో గానీ నాయన నన్ను చదివిస్తానన్నాడు. ఆయనకు సంతకం వరకే వచ్చు. నేనేమో జుట్టు వచ్చాకే పోతానని మొండికేసి గింజల బస్తాల వెనక కూర్చున్నాను. పెదనాయనకు ఇంతకంటే ఏం కావాలి? పిల్లే పోనంటున్నది గదా అని రచ్చబండ దగ్గర అందరికీ చెప్పుకొచ్చాడు. నాయన నా దగ్గరికి వచ్చి, శుక్రవారం దాకా చూస్తా, ఆ రోజు పేరు రాయించుకోకపోతే ఇక బడి మాట ఎత్తొద్దు, అమ్మ వెంట చేనుకు పో అన్నాడు. ఆయన ఒకసారి అన్నది రెండోసారి అనడు.

బడి కావాలి. గుండు కనబడొద్దు. అలా మొదలైంది టోపీల వెతుకులాట.

మొదట అమ్మ పాత చీర పేలిక తలకు కట్టింది. తునికాకు తెంపబోయే కూలిమనిషిలా ఉన్నానని నేనే విప్పేశాను. తర్వాత చలికాలం మంకీ టోపీ. ఆ ఉక్కలో దాన్ని పూటసేపు పెట్టుకునేసరికి మెడ నిండా చెమటకాయలు. వాన పడుతున్నదని నాయనమ్మ గొంగడిని కొప్పెర మడిచి నెత్తిన వేసింది. గొర్ల వెంట పోయేవాళ్ళు వానకు వేసుకునేది అదే. గొంగడి గుచ్చుకుని గుండంతా దురద, పైగా గొర్రె వాసన. తమ్ముడు నా వెనక మే మే అంటూ తిరిగాడు. వాడి గుండు ఊరంతా తిరుగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు, వాడు మగపిల్లవాడు గదా. వాడి ప్రాణం కోసం ఇచ్చిన జుట్టుకు వాడే నవ్వుతుంటే ఒక్కటి పీకాను. ఏడుస్తూ పోయి మళ్ళీ వెంటనే వచ్చాడు.

బుధవారం నాడు ఇల్లందులో బొగ్గుబాయిలో పనిచేసే మా మేనమామ మోటారుసైకిలు మీద వచ్చాడు. సంగతి విని తన పాత బాయి టోపీ ఇచ్చాడు. ముందర దీపం తగిలించే కొక్కెం, లోపల తోలుపట్టీ, దాని నిండా ఆయన చెమట, బొగ్గు వాసన. ఇది నెత్తిమీద ఉంటే పైకప్పు కూలినా ఏం కాదన్నాడు. అది పెట్టుకుంటే నా మెడ నిలవలేదు. పక్కింటి పిల్ల వచ్చి గులకరాయితో కొట్టి, లోపల ఎవరన్నా ఉన్నరా అని అడిగింది. అందరూ నవ్వారు, మామ కూడా. నేను బస్తాల వెనక్కి పోయాను. ఇక బడి లేదనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఎంత ఏడ్చానో చెప్పలేను.

నన్ను అక్కడినుంచి లేపింది వాగు అవతలి కోయగూడెం నుంచి వచ్చే అవ్వ. వానలు మొదలైతే చాటలూ బుట్టలూ తెచ్చేది, నాయనమ్మతో గంటలు గంటలు మాట్లాడి, అంబలి తాగి పోయేది. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. వానలో నాట్లు వేసేవాళ్ళ టోపీలు అల్లడంలో ఆమెది పేరున్న చెయ్యి. వెదురు బద్దలతో రెండు పొరలు అల్లి మధ్యలో మోదుగాకు పరిచేది. చుక్క నీరు దిగదు. నాయనమ్మ నా కథంతా చెప్పింది. అవ్వ నన్ను ముందుకు పిలిచి, గుండు మీద అరచెయ్యి పెట్టి, ఒక వెదురు బద్దను తల చుట్టూ తిప్పి కొలత తీసుకుంది. నవ్వలేదు. ఆమె అడిగింది ఒకటే మాట.

"ఏం పనికి?"

నాకు అర్థం కాలేదు. నాయనమ్మ చెప్పింది. నాటువేసేవాళ్ళది వీపు దాకా దిగాలి, ఎందుకంటే వాళ్ళ నడుము వంగి ఉంటుంది. మేకల వెంట తిరిగేవాళ్ళది వెడల్పుగా ఉన్నా చాలు. ఆకు తెంపేవాళ్ళది చిన్నగా ఉండాలి, లేకపోతే కొమ్మలకు తగులుతుంది. పని చెబితే గానీ అవ్వ టోపీ అల్లదు. మొహం చూసి అల్లడం ఆమెకు తెలియదు.

బడికి అన్నాను. ఆమె జన్మలో బడికి టోపీ అల్లలేదు, బడి లోపలికి పోయిందీ లేదు. అక్కడ ఏం చేస్తారో ఒక్కొక్కటే అడిగింది. కూర్చుంటారా, తల వంచుతారా, వెనక ఎవరైనా ఉంటారా. అన్నీ విని, అయితే వెనక పొడుగు ఉండొద్దు, వెనక పిల్లకు అడ్డం, ముందర ఎక్కువ వద్దు, రాసేదాని మీద నీడ పడుతుంది అని తనలో తాను కోయమాటల్లో లెక్కేసుకుంది. మా వసారాలోనే కూర్చుని ఆ సాయంత్రం, మర్నాడు పొద్దు వాలే దాకా అల్లింది. చిన్న చిప్పలాంటి టోపీ. పచ్చి వెదురు వాసన, ఆకు వాసన. తేలిగ్గా ఉంది, నెత్తి మీద ఉన్నట్టే లేదు.

పెట్టుకుని బావి దాకా పోయి రమ్మంది. పోయాను. నాలుగడుగులకోసారి నా చెయ్యి దాని మీదికే పోతోంది. తిరిగి రాగానే మళ్ళీ పొమ్మంది. మూడోసారి తిరిగి వచ్చాక చెప్పింది.

"చెయ్యి దించు పిల్లా. నువ్వే పట్టుకుంటాంటే అందరు దాని దిక్కే చూస్తరు. అది ఉంటది. నువ్వు నడువు."

చీకటి పడేదాకా నడిచాను. తమ్ముడు నా వెనకాల చేతులు కిందికి వేలాడేసి నడిచాడు. ఎప్పుడో ఒకప్పుడు టోపీ ఉన్న సంగతి మరిచిపోయాను. నెత్తి మీద ఏముందో మరిచిపోయి నడవడం ఎంత హాయో ఆ ఒక్క పూటే నాకు తెలిసింది. ఆ తర్వాత ఉద్యోగం చేశాను, పదిమందిలో తిరిగాను, మంచి చీరలు కట్టాను. అలాంటి నడక మళ్ళీ రాలేదు.

శుక్రవారం నాయన ఉతికిన రుమాలు చుట్టుకున్నాడు. ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు నా టోపీని చూసి, ఎక్కడ నాట్లమ్మా అన్నాడు. నేను కిటికీలోంచి బయటికే చూశాను, చెయ్యి మాత్రం ఎత్తలేదు. నాయన మూతి కొంచెం సాగింది. ఆయన నవ్వితే అంతే ఉంటుంది.

హైస్కూలు కప్పు కురుస్తున్నదని పెద్దసారు బల్ల వరండాలో వేసుకున్నాడు. ఆయన వెనక, అదే వరండాలో, ఎనిమిదో తరగతి పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. అరవైమంది దాకా. సారు చెడ్డమనిషి కాదు. ఆ తర్వాత మూడేళ్ళు నాకు లెక్కలు చెప్పింది ఆయనే. నా కాగితం చూసి, బాగా చదువుతావే అని మెచ్చుకుని, టోపీ తీసెయ్యమ్మా, బడిలో టోపీలుండవు అన్నాడు.

అవ్వ నేర్పిందంతా పోయింది. రెండు చేతులా టోపీని పట్టుకుని నిలబడ్డాను. నాయన తన వంతుగా చెప్పాడు, తమ్ముడికి జ్వరమొస్తే మొక్కుకున్నదని, దేవునికి ఇచ్చిందని. మంచిదే, దేవుడికిచ్చి సిగ్గుపడడమెందుకు అన్నాడు సారు. ఈ పిల్లకు ఒప్పుకుంటే రేపు ఇంకొకడు ఇంకోటి పెట్టుకొస్తాడు, నియమం అందరికీ ఒకటే అన్నాడు. నేను కదల్లేదు. సారు కలం మూసి, పోనీ జుట్టు వచ్చాక వచ్చే ఏడు తీసుకురండి అన్నాడు.

వచ్చే ఏడు అనేది లేదని నాకు తెలుసు. నాయనకూ తెలుసు. ఇంటి దగ్గర పెదనాయన కాచుకుని ఉన్నాడు. అయినా నా చేతులు కిందికి దిగలేదు. అరవైమంది చూస్తున్నారు. తీసెయ్ బిడ్డా అని నాయన ఒకసారి మెల్లగా అన్నాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. కాసేపు నా దిక్కు చూశాడు. తర్వాత ఆయన చెయ్యి తన రుమాలు కొసకు పోయింది. ఒక్కొక్క చుట్టే విప్పాడు. పొడుగు గుడ్డ. విప్పుతుంటే ఎంతసేపు పట్టిందో. మడత పెట్టి సారు బల్ల మూల మీద పెట్టాడు.

"అందరికి ఒకటే అంటిరి గద సార్. నాది గూడ తీసిన. ఇగ నా బిడ్డ తీస్తది," అన్నాడు.

ఎడమ చెవి పైనుంచి నడినెత్తి దాకా వెంట్రుక లేదు. చర్మం ముడతలు పడి, గులాబిరంగులో నిగనిగలాడుతోంది. మధ్యలో నాలుగు చాళ్ళు, గోళ్ళు దిగినచోట. చెవి పైభాగం లేదు. మిగిలిన చోట జుట్టు కుచ్చులు కుచ్చులుగా చెమటకు అంటుకుపోయి ఉంది. పగటి వెలుగులో, అంతమంది ముందు, ఆయన చేతులు కిందికి దించి నిలబడ్డాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరిని చూసి ఒకరు, వరండా అంతా నవ్వు. పిల్లలే గదా. సారు కేకలేశాడు, బెత్తంతో బల్ల కొట్టాడు. వాళ్ళలో ఒక్కరు కూడా నన్ను చూడడం లేదు. వారం రోజులుగా నా గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. దిగిపోతుంటే నాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేదు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. నవ్వుతూనే టోపీ తీసేశాను. నా గుండును ఎవరూ చూడలేదు.

సారు తల ఎత్తకుండా నా పేరు రాసుకున్నాడు. నాయన వంగి సంతకం పెట్టాడు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పెట్టి, రుమాలు తీసుకుని, అద్దం లేకుండా నాలుగైదు చుట్లలో చుట్టేసుకున్నాడు. సాయంత్రం బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి పోయాడు. మెట్లు దిగి, వానలో, వెనక్కి చూడకుండా.

టోపీ మళ్ళీ పెట్టుకోలేదు. అవసరం పడలేదు. దసరా నాటికి జడ రాకపోయినా దువ్వుకునేంత జుట్టు వచ్చింది. నేను పది పాసయ్యాను, టీచరు ట్రైనింగు చేశాను, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నాయన ఆ బడికి మళ్ళీ రాలేదు. మార్కుల కాగితం మీద సంతకం కావలసి వచ్చినా ఇంట్లోనే పెట్టేవాడు. ఆ రోజు సంగతి అమ్మకు కూడా చెప్పినట్టు లేడు. పేరు రాయించుకున్నది అని మాత్రం పెదనాయనకు వినబడేలా అన్నాడట. వాగు నీళ్ళ మాట ఎప్పుడో పెద్దయ్యాక తమ్ముడితో చెప్పి ఇద్దరం తిట్టుకుని నవ్వుకున్నాం. ఈ మాట మాత్రం తమ్ముడికి కూడా చెప్పలేదు. గుడిలో తీయనిది నా కోసం తీశాడు, నేను నవ్వాను. దీన్ని ఎవరితో ఎలా చెప్పాలి?

ఆయన చివరి రోజుల్లో ఖమ్మం దవాఖానాలో మంచం పక్కన నేనే ఉన్నాను. నర్సు వచ్చి, గాలాడాలి పెద్దాయనా అంటూ రుమాలు విప్పి కిటికీ మీద పెట్టిపోయింది. ఆయనకు చెయ్యి లేపే బలం లేదు. వేళ్ళు మాత్రం మంచం మీద కదిలాయి, తల వైపు. నేను రుమాలు అందుకుని చుట్టబోయాను. నాకు చుట్టడం రాదు. నలభై ఏళ్ళు నా కళ్ళముందు ఉన్న రుమాలు, ఏ కొస ఎక్కడ దోపాలో ఒక్కనాడూ చూడలేదు. చుట్టినకొద్దీ జారిపోతోంది. రెండుసార్లు, మూడుసార్లు చుట్టాను.

నాయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. మెల్లగానే అన్నాడు, కోపంగా కాదు.

"ఉండనియ్యి బిడ్డా. ఈడ నవ్వెటోళ్లెవరున్నరు."

రుమాలు నా చేతుల్లోనే ఉండిపోయింది. ఆ రోజు బడి వరండాలో నన్ను చూశావా నాయినా అని అడగాల్సింది. ఇంకా రెండు రోజులు బతికే ఉన్నాడు, మాట కూడా ఉంది. మంచం పక్కనే కూర్చుని ఉన్నాను. అడగలేదు.